మునెమ్మ బోల్టు, మా పరీక్ష

మీరు ఫెయిల్ చేసిన మనిషి కట్టిన గోడ దగ్గరికి మీరెప్పుడైనా వెళ్ళి చూశారా?

వెళ్ళి ఉండరు. నేనూ చాలా ఏళ్ళు వెళ్ళలేదు. తమిళనాడులోని ధర్మపురి ఐటీఐలో తాపీ పని నేర్పే బోధకుడిగా చేరాను. చివరి ఏళ్ళలో జిల్లాలో నైపుణ్య పరీక్షలు జరిపించే పని కూడా నామీద పడింది. ఆ పనిలోనే రిటైరయ్యాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు బదిలీ చేశారు అన్న సంగతులు మీకు అక్కర్లేదు. నేను చేసిన ఒక తప్పు మీకు కావాలి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీరు అదే తప్పు చేయడానికి అన్ని ఏర్పాట్లూ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

తెలుగులో ఎందుకంటే, నాకు ఆలోచన వచ్చేది ఇందులోనే. మా ఇళ్ళలో తెలుగు, గడప దాటితే తమిళం. మా వాళ్ళలో ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు తక్కువ. నాకు బి. మల్లాపురంలో మా చిన్నాయన నేర్పాడు. ఆయన సాయంత్రాలు ఇంటి అరుగుమీద ఒక చర్చా మండలి నడిపేవాడు. దేవుడు, కులం, పెళ్ళి ఖర్చులు, ముహూర్తాలు, అన్నీ అక్కడ విచారణకు వచ్చేవి. ఎవరేం చెప్పినా "రుజువేది?" అని అడగాలన్నది ఆ అరుగు నియమం. ఆ ప్రశ్నను నేను జీవితమంతా ఇతరులను అడిగాను. నన్ను నేను అడుక్కోవడానికి తాపీ పని చేసే ఒక మనిషి కావలసి వచ్చింది.

షెడ్డు

మా షెడ్డు రేకుల కప్పుది. ఉదయం నీళ్ళు చల్లిన ఇటుకల వాసన, సున్నం వాసన, పక్క షెడ్డులో వెల్డింగు చిటపటలు. విద్యార్థులు ఒక మూల కడతారు, నేను చూస్తాను, సాయంత్రం అదే మూలను కూల్చి ఇటుకలు మళ్ళీ పేరుస్తాం. ఇరవై ఏళ్ళకు పైగా రోజూ గోడలు కట్టించి రోజూ కూల్చాను. నా చేతి కింద కట్టిన ఒక్క గోడా ఆ షెడ్డులో మిగల్లేదు. అయినా ఇవాళ ఊళ్ళో ఎక్కడ తడి ఇటుక వాసన తగిలినా కాళ్ళు ఆగిపోతాయి.

ఆ రోజుల్లో సిమెంటు పాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పేవాళ్ళం. తరవాత కేంద్రం దేశమంతటికీ ఒక సిలబస్ పంపింది. మా వాళ్ళు గొణిగారు కానీ నాకు నచ్చింది. గోడ మందం, తడి ఆరనివ్వకపోవడం, గట్టి టోపీ, నడుముకు తాడు, ఇవన్నీ అందులో సూటిగా ఉన్నాయి. రాష్ట్రం ఇచ్చినవీ తక్కువేం కాదు. బస్ పాసు ఇచ్చింది, హాస్టల్ ఇచ్చింది, పాఠాన్ని తమిళంలో ఇచ్చింది. బస్ పాసు లేకపోతే తీర్థమలై కొండ పక్క పల్లెల పిల్లలు మా గేటు కూడా చూసి ఉండేవాళ్ళు కాదు. ఒకరు పాఠం పంపారు, ఒకరు పిల్లల్ని పంపారు. రెండూ కలిసిన చోట మా షెడ్డు బాగా నడిచింది. కలవని చోట ఏమైందో ఇక చెబుతాను.

రెండు బీరువాలు

మా జిల్లా అధికారి షణ్ముగం సార్. నిజాయితీపరుడు. ఆయన గదిలో రెండు బీరువాలు ఉండేవి, ఒకటి రాష్ట్ర పథకాలకు, ఒకటి కేంద్ర పథకాలకు. రెండింటి ఫైళ్ళనూ ఒకే సమయంలో బల్లమీద పెట్టనిచ్చేవాడు కాదు. ఒకప్పుడు తనిఖీకి వచ్చినవాళ్ళు కాగితాలు కలిసిపోయాయని ఆయన్ను నెలలపాటు తిప్పారట. అప్పటినుంచి ఆయనకది నియమం.

"ఇది సెంట్రల్‌దా, మనదా? ముందు అది చెప్పు, తరవాత సంగతి," అనేవాడు తమిళంలో.

"సార్, పిల్లలు ఇద్దరికీ ఒకటే," అన్నానొకసారి.

"పిల్లలు ఒకటే. ఆడిటర్లు ఇద్దరు," అన్నాడు.

అప్పుడు నవ్వాను. తరవాత నవ్వు రాలేదు.

రాష్ట్రం ఆడవాళ్ళకు ప్రత్యేకంగా తాపీ పని క్లాసు పెట్టాలనుకుంది. మా వైపు తెలుగు మాట్లాడే కుటుంబాల్లో చాలామంది కట్టడం పనిలోనే ఉన్నారు. మగవాళ్ళు కొత్తనార్లు, అంటే తాపీ పట్టేవాళ్ళు. ఆడవాళ్ళు చిత్తాళ్ళు, అంటే సిమెంటు కలిపి తట్టలు మోసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు పని చేసినా చిత్తాళు చిత్తాళే. ఆ గీత చెరపడానికే ఈ క్లాసు. హాలు, జీతం రాష్ట్రానివి. సిలబస్, పరీక్ష కేంద్రానివి. షరతు ఒకటే: నేర్పేది ఆడమనిషి అయి ఉండాలి, కేంద్ర పరీక్ష పాసై కొత్తనారుగా సర్టిఫికెట్ ఉండాలి. గడువులోగా అలాంటి మనిషి దొరక్కపోతే ఆ ఏడు క్లాసు లేదు.

జిల్లాలో నాకు తెలిసి ఆ పని చేయగలిగిన మనిషి ఒక్కతే ఉంది. వెల్లిచందై మునెమ్మ. మొగుడి పేరుమీద పనికి వెళ్ళి, మొగుడికి నడుము పట్టేసినప్పటినుంచి అతని తాపీ తనే పట్టి, పూత పని చేసే, ఇటుక వరసలూ కట్టగల మనిషి. మేస్త్రి లెక్కలో మాత్రం చిత్తాళు. క్లాసుకు పదిహేను మంది అమ్మాయిలు పేర్లిచ్చారు. అందరి ఆశా ఆమె పాసవడం మీదే ఉంది.

అడగడానికి వెళ్తే ఆమె ఇసుక జల్లిస్తూ తలెత్తలేదు.

"నేను టీచరా సారు? నాకు ఒకరు చెప్పిందే లేదే. చూసి చూసి నేర్చినాను."

"నువ్వూ అట్లనే చూపించు."

"పరీక్ష అంటే రాసేదా?"

"గోడ కట్టేది."

అప్పుడు తలెత్తింది. "గోడ కట్టేదానికి భయమేమి? వస్తాను పోండి."

సామి పట్టిన గుండు

గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రి ఒక దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీస్తాడు. తాపీ పనిలో సత్యం చెప్పేది అదొక్కటే. మా వైపు ముఠాల్లో ఆ గుండుకు ఆయుధ పూజలో పసుపు కుంకుమ పెడతారు. ద్వారబంధం నిలబెట్టే రోజు ముందు దానికే దండం. ఆ గుండును ఆడవాళ్ళు ముట్టరాదు.

మునెమ్మ పనిచేసే ముఠా మేస్త్రి గోవిందప్ప నాకంటే పెద్దవాడు. ఈ విషయంమీద అతనితో నేను ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు.

"ఆడది గుండు పట్టుకుంటే గోడ ఒరుగుతాది సారు. మా తాత చెప్పినాడు."

"మీ తాత కట్టిన గోడ ఒకటి చూపించన్నా."

"అదా," అని గడ్డం గోక్కున్నాడు. "అది వానకు పోయింది."

ముఠా మొత్తం నవ్వింది. మునెమ్మ తట్ట చాటున నవ్వింది. నేను గెలిచాననుకున్నాను. మల్లాపురం అరుగుమీద నేర్చిన విద్య అది. ఎదుటివాణ్ణి నవ్వులపాలు చేస్తే ఆచారం చచ్చిపోయిందని లెక్క. కానీ నవ్విన మర్నాడు కూడా గుండు గోవిందప్ప సంచిలోనే ఉంది, కుంకుమ దానిమీదే ఉంది. అది నేను చూడలేదు. వాదన నెగ్గినవాడు మళ్ళీ వెనక్కి తిరిగి చూడడు, అదే వాడి జబ్బు.

పరీక్ష రోజు

పరీక్షకు కావలసిన పనిముట్ల పెట్టెలు కేంద్రం నుంచి రావాలి. వచ్చాయి కూడా, సేలం గోదాము దాకా. దించుకోవలసింది రాష్ట్రమని కాగితంలో ఉంది. కేంద్ర పథకం సరుకు మేమెందుకు దించుకోవాలని ఇక్కడివాళ్ళు. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. రెండు బీరువాల్లో చెరి రెండూ పడుకున్నాయి.

పరీక్ష ఆపడం ఎందుకని నేను తెలివి చూపించాను. గోవిందప్ప సంచి అడిగి తెచ్చాను. తాపీలు, మట్టం చూసే పలక, గుండు. "మా వాళ్ళు నలుగురు రాస్తున్నారు గదా, వాడుకోండి సారు," అని అతనూ వచ్చి షెడ్డు గోడవారగా కూర్చున్నాడు. గుండుమీద కుంకుమ నాకు కనబడింది. పట్టించుకోలేదు.

పరీక్షాధికారి సౌరభ్ అనే యువకుడు, ఉత్తరాది నుంచి వచ్చాడు. చేతిలో ట్యాబ్. హిందీ, ఇంగ్లీషు తప్ప రాదు. మర్యాదస్థుడు. బయటి వస్తువులేవీ లోపలికి రాకూడదన్నది నిబంధన. అందరికీ నారింజ రంగు కోట్లిచ్చి, వాళ్ళ సంచులు, ఫోన్లు గేటు దగ్గర తీసుకున్నాను. మునెమ్మ నడుముకున్న చిన్న గుడ్డ తిత్తి విప్పడానికి సందేహించింది.

"ఇది ఉండనీ సారు."

"రూలమ్మా. వక్కాకు ఒక పూట లేకపోతే ఏం కాదు."

గోవిందప్ప వైపు చూసింది. తిత్తి తీసి నా చేతిలో పెట్టింది. అన్నిటితో పాటు దాన్నీ నా బల్ల సొరుగులో వేశాను.

ఆమె కట్టిన మూల ఇప్పటికీ నా కళ్ళముందుంది. ఇటుకను చేతిలో ఒకసారి తిప్పి, మంచి ముఖం బయటికి పెట్టి, సిమెంటు ఒక్క విసురుకు పరిచేది. వరస పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసి, వచ్చి ఒక ఇటుకను బొటనవేలితో నూలంత జరిపేది. గుండు బల్లమీద ఉంది. దాని దగ్గరికి వెళ్ళలేదు.

సౌరభ్ ట్యాబులో ఒక ప్రశ్న ఉంది: గుండు వాడారా, లేదా. లేదంటే ఆ మెట్టుకు సున్నా. ఆ మెట్టు తప్పితే మొత్తం తప్పినట్టే.

"ఆమెకు చెప్పండి, గుండు వాడమని," అన్నాడు నాతో. తప్పు మాట కాదు. ఆమెకు అవకాశం ఇద్దామనే అన్నాడు.

"గుండు వెయ్యమ్మా," అన్నాను.

ఆమె బల్ల వైపు చూసింది. గోవిందప్ప వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"సరిగానే ఉండాది సారు," అంది.

"ఉంది, కానీ వేసి చూపించాలి."

"వద్దు సారు."

అప్పుడు నేనేం చేయాలి? లేచి వెళ్ళి కారణం సౌరభ్‌కు చెప్పాలి. చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఇంత చెబితే ఇంకా కుంకుమకు భయపడుతుందా అని ఆమె మీద కోపం. మూఢనమ్మకానికి ఫలితం ఇదేనని మనసులో తీర్పు చెప్పేశాను. సౌరభ్ వేలు ట్యాబు మీద పడింది. గోడను మాత్రం మా ఇద్దరిలో ఒక్కరం కూడా కొలవలేదు.

తప్పిందని చెప్పగానే కోటు విప్పి మడిచి, బల్లమీద పెట్టి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. తిత్తి అడగలేదు. సాయంత్రం ఎప్పటిలాగే మూలలన్నీ కూల్చాం.

సొరుగు

మర్నాడు సొరుగు తీస్తే తిత్తి కనబడింది. ఎవరిదో గుర్తుపట్టడానికి విప్పాను. లోపల రెండు వక్కలు, ఒక బస్సు టికెట్టు, నల్లబడిన దారానికి కట్టిన పాత ట్రాక్టరు బోల్టు. దారానికి ఒక చిన్న చెక్కముక్క గుచ్చి ఉంది. దారం నుంచి చెక్క అంచు దాకా ఉన్న దూరం బోల్టు తల వెడల్పులో సరిగ్గా సగం; చెక్కను గోడకు ఆనిస్తే బోల్టు గోడకు తాకీ తాకనట్టు వేలాడుతుంది. తాపీ పని తెలిసినవాడికి వేరే వివరణ అక్కర్లేదు. అది గుండు. ఎవరూ నేర్పకుండా, లెక్కతో చేసుకున్న గుండు.

నేను నోటితో వాదిస్తున్న ఏళ్ళన్నిటిలో ఆమె చేత్తో జవాబు చేసుకుని నడుముకు కట్టుకుని తిరిగింది. సామి పట్టిన గుండు ముట్టకూడదంటే, సామి పట్టని గుండు తయారు చేసుకుంది. దాన్ని రూలు పేరుతో లాక్కుని, కుంకుమ గుండు ఇచ్చి, భయపడుతుందని తీర్పు చెప్పినవాణ్ణి నేను.

ఆ రోజే వెల్లిచందై వెళ్ళాను. బడి ప్రహరీ గోడ పని జరుగుతోంది. తిత్తి ఇచ్చాను.

"నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?"

"మేస్త్రి కూచోని ఉండె. నేను సొంత గుండు పెట్టుకున్నానని తెలిస్తే ముఠాలో ఉండనిస్తాడా? ఆయన అన్నానికి పోయినప్పుడే వేసి చూసుకునేది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు రూలన్నారు. మీకు చెప్తే అందరికీ వినపడేట్టు చెప్తారు గదా సారు."

నా గురించి అంత కచ్చితమైన మాట ఏ పై అధికారీ రాయలేదు.

గోవిందప్ప గోడ అవతలి కొసన ఉన్నాడు. నేను వాదించలేదు. "అన్నా, మీ గుండు ఒకసారి ఇస్తారా?" అన్నాను. ఇచ్చాడు. అతని చేతే ఆ గోడ పొడవునా నాలుగు చోట్ల వేయించాను. గుండు ఎక్కడా గోడకు ఒరగలేదు, గోడనుంచి దూరం జరగలేదు. నాలుగో చోట అతను దారం చుట్టుకుని గుండు సంచిలో వేసుకున్నాడు.

"ఈ వరసలు నువ్వే కట్టింది?" అన్నాడు ఆమెతో.

"మీరు అన్నానికి పోయినప్పుడు," అంది.

జీపు బానెట్

మళ్ళీ పరీక్ష పెట్టమంటే సౌరభ్ ఆఫీసు రాష్ట్రం అడగాలంది. రాష్ట్రం, పరీక్ష కేంద్రానిది కదా అంది. ఇద్దరూ చెప్పింది నిజమే, ఆమె చేతికి మాత్రం ఏమీ రాలేదు. ఇక ఉత్తరాలు మానేశాను. షణ్ముగం సార్‌ను తనిఖీ ఉందని, సౌరభ్‌ను భోజనం ఉందని చెప్పి ఒకే జీపులో ఎక్కించాను. రెండు బీరువాల్లోని రెండు ఫైళ్ళూ నా చంకలో ఉన్నాయి. దారిపొడవునా ఒకరు తమిళం, ఒకరు హిందీ. మధ్యలో నేను, నాకు వచ్చినంత ఇంగ్లీషు.

ఇద్దరినీ గోడ ముందు నిలబెట్టాను. గోవిందప్ప తనంతట తనే గుండు వేసి చూపించాడు. మునెమ్మ తన బోల్టు వేసింది. రెండు దారాలు పక్కపక్కన వేలాడాయి. సౌరభ్ వంగి చూశాడు. నేను కారణం చెప్పాను. పరీక్ష రోజున చెప్పవలసింది, చెప్పనిది. అతని మొహం వాడిపోయింది.

"నాకు తెలియదు," అన్నాడు. "మీకు తెలుసు కదా?"

అవునన్నాను.

షణ్ముగం సార్ బోల్టును అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. "రెండు ఫైళ్ళూ తెచ్చావా?" అన్నాడు. బానెట్ మీద పరిచాను. రెండింటినీ ఒకేచోట ఆయన చూడటం నేను చూసింది అదొక్కసారే. మళ్ళీ పరీక్ష పెట్టమని ఒకదాంట్లో ఆయన రాశాడు, రెండోదాంట్లో సౌరభ్ ఒప్పుకుని రాశాడు. పెట్టెలు పంపమని సేలం గోదాముకు ఫోన్ కూడా షణ్ముగం సారే అక్కడినుంచి చేశాడు. రెండు ప్రభుత్వాలు కలిసి పనిచేయడమంటే నేను చూసినంతలో అదే. ఒక గోడ ముందు ఇద్దరు మనుషులు నిలబడాలి.

పెట్టెలు వచ్చాయి. రెండో పరీక్షలో మునెమ్మ కొత్త గుండును ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికింకా సామి రాలేదు. ఎవురైనా పట్టుకోవచ్చు," అంది. షెడ్డంతా నవ్వింది. గోవిందప్ప కూడా.

పాసైంది. సర్టిఫికెట్ హిందీలో, ఇంగ్లీషులో వచ్చింది. చదివి వినిపించమంటే తెలుగులో చెప్పాను. "కొత్తనారు అని ఉండాదా?" అని రెండుసార్లు అడిగింది.

కానీ అప్పటికే క్లాసు గడువు దాటింది. పేర్లిచ్చిన పదిహేను మందిలో చాలామంది తిరుప్పూరు మిల్లులకు వెళ్ళిపోయారు. మరుసటి ఏడు క్లాసు మొదలైంది, మునెమ్మే నేర్పింది, ఇప్పటికీ నేర్పుతోంది. మొదటి రోజు ఒక్కొక్కరి చేత ఒక బోల్టు తెప్పించి, చెక్కముక్క చెక్కించి, సొంత గుండు చేయిస్తుంది. అప్పుడప్పుడు వెళ్ళి ఆ షెడ్డు గోడవారగా, గోవిందప్ప కూర్చున్నచోట కూర్చుంటాను. తడి ఇటుక వాసన, పది మంది అమ్మాయిల గొంతులు, పది దారాలు. చాలా సంతోషంగా ఉంటుంది. తరవాత వేరే వాళ్ళు గుర్తొస్తారు. ఆ మొదటి పదిహేను పేర్ల కాగితం నా దగ్గర ఇంకా ఉంది. వాళ్ళకు ఆ ఏడు తిరిగి ఇవ్వగల పరీక్ష ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. ఆ ఏడు పోవడానికి గోదాము కొంత కారణం, బీరువాలు కొంత కారణం. ట్యాబు మీద వేలు పడే ముందు నోరు తెరవని నేను మిగతా కారణం.

కాబట్టి మీకు సలహా ఇవ్వను, అడుగుతున్నాను. ఈ వారంలో మీరు ఫెయిల్ చేసినవాళ్ళ జాబితా తీయండి. అందులో ఒక పేరు ఎంచుకోండి. ఆ మనిషి ఊరికి బస్సెక్కి, కట్టిన గోడ ముందు నిలబడి, కొలవండి. బయలుదేరే ముందు మీ బల్ల సొరుగు తీసి చూడండి. అందులో ఎవరి తిత్తి ఉందో, దాన్ని మీ చేత్తో తీసుకెళ్ళి వాళ్ళ చేతికి ఇచ్చి రండి.